అంకాలమ్మ చెప్పిన మూడో భాగం

అంకాలమ్మ ఫోను ఆరేళ్లుగా అంకాలమ్మ దగ్గర లేదు. కువైట్‌లోని జాబ్రియాలో ఆమె పనిచేసే ఇంట్లో, 'మామా' అని ఆమె పిలిచే యజమానురాలి పడకగది అద్దం బల్ల సొరుగులో ఉంటుంది. సొరుగుకు తాళం. తాళంచెవి మామా చేతిసంచిలో. రోజూ సాయంత్రం అసర్ నమాజు బాంగు అయ్యాక మామా టీకి కూర్చునే వేళ సొరుగు తెరుచుకుంటుంది. ఫోను అంకాలమ్మ చేతికొస్తుంది. సరిగ్గా గంటకు మళ్లీ సొరుగులోకి పోవాలి. చేరిన మొదటి వారంలోనే పెట్టిన షరతు అది. ఇంట్లో పిల్లలున్నారు, ఫోను చూసుకుంటూ వాళ్లను మరిచిపోతావు అంది మామా. ఆ పిల్లల్లో పెద్దవాడికి ఇప్పుడు మీసాలొచ్చి కారు నడుపుతున్నాడు. షరతు మాత్రం అలాగే ఉంది.

నాలుగేళ్ల కిందట అంకాలమ్మ తల్లి ఒక పొద్దున పోయింది. కబురు వెంటనే వచ్చింది, ఫోనుకు. ఫోను సొరుగులో ఉంది. సాయంత్రం తీసి చూసుకునేసరికి అక్కడ మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. ఆ గంటా వాషింగ్ మెషిన్ పక్కన కూర్చుని ఏడ్చి, గంట కాగానే మొహం కడుక్కుని ఫోను తిరిగిచ్చింది. మర్నాడు అద్దం బల్ల తుడుస్తూ ఆ సొరుగు పిడిని కూడా తుడిచింది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ గంటను ఆమె ఎట్లా వాడుకునేదో చెబితే ఆ ఇంట్లోవాళ్లు నమ్మరు. పది నిమిషాలు రాయచోటి దగ్గరి తన ఊరికి: కూతురితో రెండు మాటలు, మొగుడితో ఒక కీచులాట. మిగతా యాభై నిమిషాలు, వంటింటి వెనక బట్టలారేసే చోట నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఆమె కథ చెప్పేది.

వినేవాళ్లు అరవై ముగ్గురు. వాట్సాప్‌లో గ్రూపు, పేరు 'సందకాడ కత'. జాబ్రియాలో, ముబారక్ అల్ కబీర్‌లో, ఫర్వానియాలో వంటలు చేసేవాళ్లు, పిల్లల్ని పెంచేవాళ్లు, ముసలివాళ్లకు ఎత్తిపోసేవాళ్లు. ఎక్కువమంది కడప, అన్నమయ్య జిల్లాల ఆడవాళ్లు, కొందరు గోదావరి వైపువాళ్లు. సగం మందికి చదువు రాదు. వచ్చినవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు. గిన్నెలు తోముతూ, రొట్టెలు కాలుస్తూ, చెవిలో తీగ పెట్టుకుని వినేవాళ్లు. అంకాలమ్మకు ఏడో తరగతి చదువుంది. దాన్ని మించి, అచ్చులో ఏది కనబడినా వదలని కన్ను ఉంది. పొట్లం కాగితమైనా సరే, రెండువైపులా చదివితే గానీ పారెయ్యదు.

మొదలుపెట్టించింది దిల్షాద్ బీ. ఎదురింట్లో వంటమనిషి, కడప మనిషి, నోరు పెద్దది. ఒకనాడు జమియా సూపర్ మార్కెట్లో టమాటాలు ఏరుతూ, అంకాలమ్మ తాను చదువుతున్న పుస్తకం కథ ఆమెకు సగం చెప్పింది. ఇంతలో యజమానురాలు పిలిస్తే దిల్షాద్ బీ వెళ్లిపోయింది. సాయంత్రం ఫోను చేతికొచ్చేసరికి ఆమె వాయిస్ ఎదురుచూస్తోంది: "మేయ్, ఆ పిల్ల తలుపు తీసిందా ల్యాదా? నాకు ఈడ కూర మాడిపోతాండాది, జెప్పు బిరీన."

ఆ పుస్తకం 'తొమ్మిది తాళాల కోట'. ఊళ్లలో కుర్రకారంతా దానికోసం ఎగబడుతున్నారని కడప కొట్టువాడు చెబితే, అంకాలమ్మ పనిచేసే ఇంటి డ్రైవరు సిద్ధయ్య సెలవుకు పోయినప్పుడు రెండు భాగాలూ కొనుక్కొచ్చాడు. నాలుగు పేజీలు చదివి, "పాములు మాట్లాడతాండాయి, నాకెందుకొచ్చిన గోల" అని అంకాలమ్మకిచ్చేశాడు. ఆమె ఇస్త్రీ చేస్తూ చదివేది. మడిచిన తెల్ల దిష్‌దాషాల, అంటే అరబ్బు మగవాళ్ల పొడుగు అంగీల, దొంతరకు ఆనించి పుస్తకం తెరిచి పెట్టుకుంటుంది. ఒక దిష్‌దాషా చేతులూ ఛాతీ ఇస్త్రీ అయ్యేలోపు సగం పేజీ అవుతుంది. మొదటి భాగం రెండు వందల పన్నెండో పేజీ మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ ఉంది. అక్కడ కథ అంత బాగుంది మరి.

రాజ్యం పోగొట్టుకున్న రాకుమారుడు, మాట్లాడే పాములు, గాల్లో తేలే రాళ్లు, ఇవన్నీ ఉన్న కథే అది. కానీ అంకాలమ్మ పట్టుకున్నది గోరింకను. గోరింక కోటలో దాసి. ఆమె పని తాళంచెవులను బూడిదతో తోమడం. పన్నెండేళ్లు తోమి తోమి, ఏ చెవి ఏ తలుపుదో చప్పుడు విని చెప్పగలిగేది. మంత్రం రాదు, శూలం లేదు. రాకుమారుడు ప్రతి వాకిలి దగ్గరా ఆగిపోతే, ఆమె వచ్చి తీసేది. రెండు భాగాల్లో తొమ్మిది వందల పేజీలు. గోరింక వచ్చేది నలభై ఒక్క పేజీలో. అంకాలమ్మ లెక్కపెట్టింది. ఆమె చెప్పిన కథలో మాత్రం గోరింక రోజూ వచ్చేది. రాకుమారుడు యుద్ధంలో ఎటుపోయాడో రెండ్రోజులు ఎవరూ అడిగేవాళ్లు కాదు.

మూడో భాగం వస్తుందన్నారు, రాలేదు. నెలలు గడిచాయి. గ్రూపులో రోజూ అదే గోల. చివరికి ముబారక్ అల్ కబీర్‌లో ముసలామెను చూసుకునే బుడేన్‌బీ ఒకరోజు ఏడుపు గొంతుతో పెట్టింది: "అక్కా, కత వింటా ఉంటే నాకు పొద్దు తెలీకుండా పోతాండె. వచ్చిందాక్కా మూడోది?"

 అంకాలమ్మ వాయిస్ బటన్ నొక్కి, "వచ్చింది" అంది.

ఒక్కరోజుకే అనుకుంది. పది నెలలు చెప్పింది. రేపేం చెప్పాలో బాత్రూములు కడుగుతూ ఆలోచించేది. ఆమె కథలో కోట రాణి చెంచాలు లెక్కపెట్టుకునే మనిషైంది. వంటశాలలో పెద్దనోటి దీల్లి అనే వంటగత్తె వచ్చి చేరింది. దిల్షాద్ బీకి అది తానేనని తెలిసి, "దానికి కొంచిం అందం గూడా పెట్టు, నీ సొమ్మేం బోతాది" అని పోరింది. ఒకామె గోరింకకు మోకాలి నొప్పి పెట్టమంది, తనకు పెడుతోందని. బుడేన్‌బీ గోరింకకు ఊరినుంచి ఉత్తరం రావాలంది. వచ్చింది. చివరికి కోటను శత్రువు చుట్టుముట్టాడు. తొమ్మిదో తాళంచెవి గోరింక చేతిలో ఉంది. రాకుమారుడు చెయ్యి చాపాడు. "చెవి ఇస్తా. ముందర మా నలభై మంది తోమే ఆడోళ్లు పెద్ద వాకిలి గుండా నడిచి బయటికి పోవాల. దొడ్డి వాకిలి గుండా గాదు" అంది గోరింక. ఆ వాయిస్‌ను అరవై ముగ్గురిలో అరవై మంది విన్నారు. ఎవరెవరు విన్నారో ఫోనులో పేర్లు కనబడతాయి. అంకాలమ్మ ఒక్కో పేరూ చదువుకుంది.

ఆ మర్నాడే షైని గ్రూపులో చేరింది.

షైని నర్సు. గోదావరి వైపు పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లు, ఫర్వానియాలో మరో అయిదుగురితో ఒక ఫ్లాటులో ఉంటుంది. కొత్త మనిషి మొదటి వాయిస్సే గ్రూపును కదిలించింది: "అందరికీ నమస్కారమండి. మూడో భాగం నిన్ననే అచ్చయి వచ్చిందంటండి. మా ఫ్రెండు తెచ్చింది. నేను ఉన్నదున్నట్టు చదివి పెడతానండి, ఆయ్."

నిన్ననే అచ్చయింది. అలాగైతే పది నెలలుగా అంకాలమ్మ చెప్పింది ఎక్కడిదని ఎవరైనా అడుగుతారు.

షైని చదివేది చర్చిలో వాక్యం చదివినట్టు. తొణకదు, తడబడదు, కామా దగ్గర ఊపిరి, చుక్క దగ్గర ఆగడం. పాముల గొంతు వేరు, రాజు గొంతు వేరు. మొదటి రోజు ముప్పై ఒక్కరు విన్నారు. మూడోరోజుకు యాభై నలుగురు. అంకాలమ్మ వాయిస్‌కు పంతొమ్మిది మంది మిగిలారు.

ఇక్కణ్నించి అంకాలమ్మ గంట పాడైంది. ఫోను చేతికి రాగానే ఊరికి చెయ్యడం మానేసింది. కథ చెప్పడం తగ్గించింది. తన వాయిస్ తెరిచి, విన్నవాళ్ల పేర్లు పైనించి కిందికి, కిందినించి పైకి చదివేది. నిన్న తనది విని ఇవాళ విననివాళ్లెవరు? బుడేన్‌బీ కూడానా? బుడేన్‌బీ ఉత్తరం కోసం తాను రెండు రోజులు ఆలోచించింది! షైని ఫొటో పెద్దది చేసి చూసేది. సముద్రం ఒడ్డున, నల్ల కళ్లద్దాలు, గాలికి జుట్టు. దీనికి ఫోను రోజంతా చేతిలోనే ఉంటుంది. దీనికి సెలవుంది. దీని గది తలుపుకు లోపల గడియ ఉంటుంది. ఇన్ని ఉన్న మనిషికి నా కతే కావాల్సి వచ్చిందా? వాయిస్‌ను రెట్టింపు వేగంలో పెట్టి వినేది. అప్పుడు షైని గొంతు కోడిపెట్ట గొంతులా కీచుమనేది. అంకాలమ్మకు రెండు నిమిషాలు హాయిగా ఉండేది.

షైని ఒక్కదాని మీదే కాదు. పాత రెండో భాగం వెనక అట్ట మీద రచయిత ఫొటో ఉంది. గోడనిండా పుస్తకాలు, మెత్తటి కుర్చీ, పక్కన పొగలు కక్కుతున్న కప్పు. అంకాలమ్మకు ఆ కప్పు మీద కడుపుమంట. అది ఎవరో కలిపి తెచ్చిపెట్టిందే. తెచ్చిన చెయ్యి ఫొటోలో లేదు. పొద్దంతా కుర్చీలో కూర్చుని ఆలోచించుకునే మనిషి నెలల తరబడి ఆలస్యం చేశాడు, కుక్కర్ మోత మధ్య తాను రోజూ చెప్పింది. పేరు మాత్రం ఆయనది.

గ్రూపులో గుసగుస మొదలైంది. రెండు మూడో భాగాలు పొసగడం లేదు. అంకాలమ్మ కథలోని ఉత్తరం షైని పుస్తకంలో లేదు. వంటగత్తె దీల్లి అసలే లేదు. దిల్షాద్ బీ నేరుగా అడిగేసింది: "మేయ్ అంకాలూ, ఆయమ్మ పుస్తకంలో నేను ల్యానే! యాడికి బోతి?"

అప్పుడు అంకాలమ్మ ఆ మాట అనేసింది. ఫోను నొక్కి, గ్రూపంతా వినేట్టు చెప్పింది: "ఆయమ్మది డూప్లికేట్ పుస్తకం. రోడ్ల మీద అమ్మేవోళ్లు పేజీలు మార్చి, ఉండేవి తీసేసి అచ్చేస్తారంట. నాది ఒరిజినల్, పది నెల్లు ముందరే వచ్చింది. పాపం నర్సమ్మకు తెలీదు, మోసపోయింది."

జనం నమ్మారు. రెండేళ్లుగా తమతో ఉన్న గొంతు అది. నిన్నగాక మొన్న వచ్చిన గొంతును ఎట్లా నమ్ముతారు? "డబ్బాలు కొట్టుకుంటా వచ్చి దొంగ పుస్తకం చదివిందే" అంది ఒకామె. షైని వాయిస్‌లు ఆగిపోయాయి. వెళ్లిపోలేదు, ఊరికే ఉంది. అంకాలమ్మ వాయిస్‌కు మళ్లీ యాభై ఏడుగురు వచ్చారు. పేర్లు చదువుకుంది. ఎందుకో ఒక్క పేరూ తియ్యగా లేదు.

పదిహేను రోజులకు సిద్ధయ్య సెలవునుంచి తిరిగొచ్చాడు. సంచిలోంచి మామిడి తాండ్ర, గోంగూర పచ్చడి, వాటి కిందినుంచి మూడో భాగం తీశాడు. "నీకే తెచ్చినా మ్మే. ఊర్లో మా అన్నకూతురు దీన్ని జూసి ఏడ్సిందంట, అంత బాగుందంట."

కొత్త అట్ట, కొత్త కాగితం వాసన. అంకాలమ్మ దాన్ని దిష్‌దాషాల దొంతరకు ఆనించడానికి కూడా భయపడింది. ఆ భయం ఎందుకో ఆమెకే తెలుసు. ఈ పుస్తకం తనకంటే బాగుంటుంది. రచయిత అంటే రచయితే. గోరింకకు ఆయన ఇవ్వబోయే ముగింపు ముందు తన దొడ్డి వాకిలి, పెద్ద వాకిలి గోల పిల్లల ఆటలా ఉంటుంది. ఆ ఓటమి కోసం ఒళ్లంతా బిగబట్టుకుని నాలుగు రోజుల్లో అయిదు వందల పేజీలు చదివింది. ఇస్త్రీ లేని రోజు కూడా ఇస్త్రీ గదిలో నిలబడింది.

నాలుగు వందల అరవయ్యో పేజీలో గోరింక ఎడమ భుజం మీద నెలవంక మచ్చ బయటపడింది. దాసి కాదు. పురిట్లోనే ఎత్తుకుపోయిన రాకుమార్తె. రాజరక్తం కాబట్టే తాళాలు ఆమె మాట విన్నాయి. రాకుమారుణ్ని పెళ్లాడి సింహాసనం ఎక్కింది. నలుగురు దాసీలు ఆమె జడ అల్లారు. వాళ్ల పేర్లు పుస్తకంలో లేవు.

అంకాలమ్మ ఇస్త్రీపెట్టె ఆపేసి నిలబడిపోయింది.

మరి పన్నెండేళ్లు తోమిందేమైంది? చెవులు తోమి తోమి, వేళ్ల సందుల్లో బూడిద దిగి, ఒక్కో చప్పుడూ గుర్తుపెట్టుకున్న ఆ కష్టమంతా ఏమైంది? రక్తంలోనే ఉంటే తోమడం దేనికి? ఒక దాసి దాసిగానే ఉండి తలుపు తియ్యడం ఈయనకు నచ్చలేదు. తీసిన చెయ్యి గొప్పింటిదని తేల్చుకుంటే గానీ నిద్రపట్టలేదు. ఈ పుస్తకం ముందు తన కథ ఓడిపోతే అంకాలమ్మ ఏడ్చి ఊరుకునేది. గెలిచింది. గెలిచినందుకు ఒళ్లు మండిపోయింది. తాను ఇంతకాలం ఈర్ష్యపడింది ఈ పుస్తకం మీదా? దీనికోసమా ఒక పిల్లను దొంగను చేసింది?

ఆ మరుసటి శుక్రవారం షైని ఫ్లాటులో కొందరు కూడుతున్నారని దిల్షాద్ బీ చెప్పింది. డూప్లికేటో ఏదో, చివరి అధ్యాయాలు అక్కడే చదివి వినిపిస్తుందట, సెలవు దొరికినవాళ్లు వస్తారట. అంకాలమ్మ చెప్పాల్సింది వాయిస్‌లో చెప్పేది కాదు. మొహం చూసి చెప్పాలి.

చట్టంలో వారానికో రోజు సెలవు రాసి ఉంది. అంకాలమ్మ పనిచేసే ఇంట్లో ఆ రోజు ఊసు ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. సాయంత్రం ఫోను అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. అరబ్బీలో కొంత, హిందీలో కొంత: "మామా. జుమ్మా రోజు నాకు సెలవు కావాల. ఫర్వానియా పోవాల."

"శినూ?" అంది మామా, ఏమిటీ అని. టీ కప్పు గాల్లోనే ఆగింది. "ఎవరైనా చచ్చిపోయారా?"

"లేదు."

"పెళ్లా?"

"లేదు మామా. ఒక పుస్తకం గురించి మాట్లాడాల."

మామా నవ్వింది. కోపం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆమెకు. కొడుకును పిలిచి చెప్పింది, వాడూ నవ్వాడు. అంకాలమ్మ అక్కడే నిలబడింది. నవ్వు అయిపోయాక కూడా నిలబడింది. మామా చెయ్యి ఊపింది. "సిద్ధయ్యతో పో. నాలుగు నుంచి ఆరు. ఆరుకు ఇక్కడ ఉండాలి, అంతే. ఖలాస్."

ఫర్వానియాలో నాలుగో అంతస్తు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. లోపల రెండంతస్తుల మంచాల మీద పదిహేనుమంది ఆడవాళ్లు, కాగితం కప్పుల్లో టీ, చేపల పులుసు వాసన. మధ్యలో పుస్తకంతో షైని. డ్యూటీ దిగి వచ్చినట్టుంది, కళ్ల కింద నలుపు. నల్ల కళ్లద్దాల్లేవు, సముద్రమూ లేదు.

దిల్షాద్ బీకి తప్ప అంకాలమ్మ మొహం అక్కడ ఎవరికీ తెలియదు. "కొంచిం జరగండమ్మా" అంది మంచం అంచున కూర్చోబోతూ. అందరి తలలూ ఇటు తిరిగాయి.

"యా అల్లా, ఆ గొంతు!" అంది బుడేన్‌బీ. "కత అంకాలక్కేనా నువ్వు?"

"ఆ గొంతుకు ఆరడుగులు ఉంటాదనుకుంటి, ఇంతే ఉండావే!" అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. షైని నవ్వలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

అంకాలమ్మ సంచిలోంచి తన మూడో భాగం తీసి షైని పుస్తకం పక్కన పెట్టింది. అదే అట్ట, అదే బొమ్మ.

"ఈయమ్మది డూప్లికేట్ కాదు" అంది. "నాదే డూప్లికేట్. నేను చెప్పినప్పుడు ఈ పుస్తకం పుట్టనే ల్యా. పది నెల్లు చెప్పిందంతా నేను కల్పించి చెప్పిండేదే. ఈయమ్మ బాగా చదువుతాంటే, మీరంతా ఆపక్క బోతాంటే, నేను ఓర్వలేక ఆ మాట అంటిని."

 మొదట దిల్షాద్ బీయే తేరుకుంది. "అయితే దీల్లిని నువ్వే పుట్టించినావా! నేను ఊర్లో మా అక్కకు ఫోన్ జేసి, పుస్తకంలో నా మాదిరి మనిషుండాది, కొని సదివించుకోమంటి గదే! మానం దీసినావు గదే!"

"నమ్మిస్తివి గదక్కా" అంది వెనకనుంచి ఎవరో. ఆ గొంతులో నవ్వు లేదు. ఆ ఎవరో లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది కూడా.

షైని మాట్లాడింది. "పన్నెండు గంటలు డ్యూటీ చేసి, గొంతు పోతున్నా చదివేనండి నేను. మీరేమో దొంగ పుస్తకమన్నారు. హాస్పిటల్లో ఒకావిడ నన్ను చూసి 'డూప్లికేట్ సిస్టర్ వచ్చిందే' అంది. ఎందుకలా అన్నారండి?"

"చెప్తి గదమ్మా. నీ మింద కడుపుమంట."

"నామీదాండీ?" షైని వింతగా చూసింది. "నేనసలు గ్రూపులోకి ఎందుకొచ్చేననుకున్నారు? మా హాస్పిటల్ ఆయా ఒకావిడ మీ వాయిస్‌లు వినిపించేదండి. ఆ గోరింక కోసం ఈ పుస్తకం తెప్పించేను. పెద్ద వాకిలి సంగతి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని చదువుకుంటూ పోయేను. ఆ మీ గోరింక ఈ పుస్తకంలో లేనే లేదండి. అది తెలిసేక మీమీద నాకెంత ఒళ్లు మండిందో మీకేం తెలుసు! ఇంట్లో అంట్లు తోముతూ ఈవిడకు అలా ఎలా వస్తుందని."

 అప్పుడు బుడేన్‌బీ అందుకుంది. "నాకు పుస్తకంలోదే బాగుండాది. గోరింక రాణి అయితే తప్పేముంది? బతుకంతా ఎట్లాగూ తోమేదే. కతలో అన్నా రాణి గాకూడదా అక్కా?"

"అయితే కానీలే. ఆ జడలేసే నలుగురు ఎవురు మరి?" అంది అంకాలమ్మ.

"వాళ్ల సంగతి వాళ్లు జూసుకుంటారు! అందరి గురించీ ఆలోచన జేస్తే ఇంగ కత యాడ సాగేది?" అంది బుడేన్‌బీ. కొందరు ఔనన్నారు, కొందరు కాదన్నారు. గదిలో రెండు పక్షాలు లేచాయి. ఒక పుస్తకం మీద పనిమనుషులూ నర్సులూ ఆయాలూ గొంతులెత్తి వాదించుకున్నారు. పులుసు చల్లారిపోయింది. అంకాలమ్మను అందరూ క్షమించలేదు. షైని కూడా క్షమించానని అనలేదు. కానీ పుస్తకం పక్కన పెట్టి, కప్పు ఆమె చేతికిచ్చి అడిగింది: "మీ గోరింక తాళంచెవి పట్టుకుని తొమ్మిదో వాకిలి ముందు ఆగిపోయిందండి. కొన్ని రోజులుగా మీరు ముందుకు చెప్పలేదు. ఏం చేసింది?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి, పేర్లు కాదు, మొహాలు. అంకాలమ్మ గొంతు సవరించుకుంది. అప్పుడే కిందినుంచి సిద్ధయ్య కారు హారన్ మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆరు కావడానికి పది నిమిషాలు.

"రేపు సందకాడ చెప్తా" అంది లేస్తూ. "ఈసారి నాదని చెప్పే చెప్తా."

దారిలో బళ్లు ఆగిపోయాయి. ఇంటికి చేరేసరికి ఆరుంపావు దాటింది. మామా గుమ్మంలోనే ఉంది. అరవలేదు, తిట్టలేదు. మర్నాడు అసర్ బాంగు అయ్యాక టీ తాగింది. సొరుగు తీయలేదు. ఆ మర్నాడూ తీయలేదు. అంకాలమ్మ అడిగితే, "సమయం విలువ నేర్చుకో. ఒక నెల ఖలాస్" అంది.

ఆ నెల ఇంకా నడుస్తోంది. గోరింక తొమ్మిదో వాకిలి ముందు చెవి పట్టుకుని నిలబడే ఉంది. గ్రూపులో రోజూ ఎవరో ఒకరు "అక్కా?" అని పెడుతున్నారు. షైని నాలుగోరోజున ఒక వాయిస్ పెట్టింది: "ఆవిడ వచ్చేదాకా నేను చదవనండి." అంకాలమ్మ ఇంకా వినని మాట అది. సొరుగులో ఉంది.

ఈ కథ చదివినవాళ్లు ఒక పని చెయ్యండి. కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లు, మీరు ఏ ఇంటికి పనిమీద వెళ్లినా, విందుకు వెళ్లినా, ఆ ఇంట్లో గిన్నెలు కడిగే మనిషి కనబడితే, ఆ ఇంటివాళ్లను మర్యాదగానే అడగండి: ఈమె ఫోను ఎక్కడుంది? ఈమె సెలవు ఏ రోజు? జవాబు రాకపోతే మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగండి. ఊళ్లో ఉన్నవాళ్లూ తప్పించుకోవద్దు. "పనిచేసేటప్పుడు నీకు ఫోనెందుకు" అని మీ ఇంట్లో తీసి అలమార మీద పెట్టిన ఫోను ఎవరిదో చూడండి. ఈ పేజీ మూసేలోపు వెళ్లి, అది ఆమె చేతికిచ్చి రండి.